చేప నోరు తడవలేదు

మంత్రపు ఉడుము రెండోసారి తోక విసిరేసరికి తాళ్ళ వంతెన ఊయలలా ఊగిపోయింది. సోమిలుడి చేతిలోని గొడ్డలి జారి లోయలో పడింది. పడిన చప్పుడు కూడా పైకి రాలేదు.

అది అల్లాటప్పా ఉడుము కాదు. ఏనుగంత ఒళ్ళు, ఒంటినిండా ఇనుప రేకుల్లాంటి పొలుసులు, నోరు తెరిస్తే పచ్చటి పొగ. మాంత్రికుడు ఘూకనాథుడు దాన్ని తెచ్చి వంతెనకు అడ్డంగా పడుకోబెట్టాడు. కొండ మీది ఊళ్ళవాళ్ళు మధురశిలా నగరానికి రావాలంటే ఈ వంతెన తప్ప వేరే దారి లేదు. ఇవాళ వాళ్ళు రావాలి. వాళ్ళూ, నగరవాసులూ, అందరూ వచ్చి తలా ఒక ముంత నీళ్ళు పోయాలి. పోయకపోతే పొద్దు గుంకేసరికి సోమిలుడి అక్క నాగమల్లి రాయి అయిపోతుంది.

సోమిలుడు రాజకుమారుడు కాడు, బావులు తవ్వుకుని బతికేవాడు. గొడ్డలి పోతేనేం, నడుముకు గునపం ఉంది. వంతెన అంచు పట్టుకుని ఒక్క ఉదుటున కిందికి వేలాడాడు. పైన ఉడుము బుసలు కొడుతూ వెతుకుతోంది. అతను తాళ్ళు పట్టుకుని పాకుతూ సరిగ్గా దాని పొట్ట కిందికి చేరాడు. పలకల సందులోంచి చూస్తే ఆ పొట్ట తెల్లగా, మెత్తగా, ఒక్క పొలుసు కూడా లేకుండా ఉంది. పళ్ళు బిగించి గునపం పైకి పొడిచాడు. ఆ అరుపుకు కొండలు దద్దరిల్లాయి. ఉడుము పొర్లింది, వంతెన పక్కకు ఒరిగింది, పచ్చటి పొగ సోమిలుడి కనుబొమలను మాడ్చింది. ఆ పైన ఆ కొండంత ఒళ్ళు అతని పక్కనుంచే జారి లోయలో కలిసిపోయింది.

సోమిలుడు పైకి పాకి, కొండవైపు తిరిగి, గుండెలనిండా గాలి పీల్చి కేకపెట్టాడు. "దారి తెరుచుకుందీ! రండీ!"

కొండ మలుపులోంచి ఒక్క ముసలివాడు వచ్చాడు. చేతిలో ముంత, ముంతలో పసుపు కలిపిన నీళ్ళు. ఆయన పేరు బొజ్జన్న.

"మిగతావాళ్ళేరీ తాతా?"

"ఉడుము ఉందిగా నాయనా, ఎలాగూ పోలేమని పొద్దున్నే చెరకు గానుగ కట్టుకున్నారు. ఇప్పుడు బెల్లం పాకం పొయ్యి మీద ఉంది. దింపేదాకా ఎవడూ కదలడు."

"ఉడుము చచ్చిందని చెప్పు తాతా!"

"అదిగో, అరుపు విన్నారుగా. పాపం ఎవరో మంచివాడు చంపాడనుకున్నారు. పాకం కలుపుకుంటున్నారు." ముసలివాడు వంతెన పలకల మీద జాగ్రత్తగా కాలు మోపాడు. ముంతలోంచి ఒక్క చుక్క తొణకలేదు. "నా కూతురు అక్కడ రాయై నిలబడింది. నాకు పాకం లేదు."

ఇద్దరూ నగరం వైపు పరుగుతీశారు. ముసలివాడి పరుగు ఏపాటిది, సోమిలుడు ఆయన్ని వీపున ఎక్కించుకోవలసి వచ్చింది.

మధురశిలా నగరం అందాన్ని చెప్పాలంటే ఒక నోరు చాలదు. గులాబి రంగు రాతి ప్రాకారాలు, ప్రాకారాల మీద నెమళ్ళు, మేడలపైన బంగారు కలశాలు. వీధుల్లో పన్నీరు చల్లే తోలుతిత్తులవాళ్ళు, ప్రతి గుమ్మం దగ్గర చందనపు అరుగు. గాలి వీస్తే మల్లెల వాసన, వీచకపోతే వంటల వాసన. అంత చక్కని నగరానికి ఒకే ఒక్క లోటు. పడమటి ద్వారం అవతల మైదానం, మైదానం అవతల వరుసగా రాతి మనుషులు, ఆ వరుస అవతల మంచు. అది చలికాలపు మంచు కాదు. గోడలా నిలబడి ఉంటుంది, లోపలికి వెళ్ళినవాడు తిరిగి రాడు.

ఆ మంచు ఊరి మీదికి రాకుండా ఆపుతానని ఘూకనాథుడు వెనకటి రాజుతో ఒప్పందం చేసుకున్నాడు. ఏటా చీటీలో పేరు వచ్చిన మనిషి ఆ వరుసలో నిలబడి, నెత్తి మీద ఆరని మంటతో రాతి దీపం కావాలి. ఈ ఏడు చీటీలో నాగమల్లి పేరు వచ్చింది. సోమిలుడు ఊరుకోలేదు. ప్రాణాలకు తెగించి మాంత్రికుడి గుహలో దూరి, ఆ మంచును పుట్టిస్తున్న కుండను కళ్ళారా చూసి వచ్చాడు. మంచూ వాడిదే, కాపలా కూడా వాడిదే! ఈ సంగతి నగరమంతా పాకింది. అందరూ నమ్మారు, అందరూ మండిపడ్డారు.

ఒప్పందం రద్దు కావడానికి ఒక్కటే మార్గం ఉంది. రాజ్యం కట్టిన తొలి రాజు పడమటి మైదానంలో ఒక పెద్ద రాతి తొట్టి చెక్కించాడు. దాని పేరు సాక్షితొట్టి. ఏ ఒప్పందాన్నయినా జనం అందులో నీళ్ళు పోసి కాదనవచ్చు. వద్దనేవాళ్ళు తమ ఇంటి నీళ్ళలో పసుపు కలిపి పోయాలి, ఉండాలనేవాళ్ళు ఉత్త నీళ్ళు పోయాలి. మనిషికి ఒక్క ముంత. తొట్టి లోపలి గోడకు సగం ఎత్తులో ఒక రాతి చేప ఉంది. నీళ్ళు దాని నోటికి తగిలితే అది నోరు విప్పి తీర్పు చెబుతుంది. ఘూకనాథుడైనా సరే, ఆ తీర్పుకు తల వంచి తన మంచును తీసుకుపోవాల్సిందే. సూర్యాస్తమయంలోగా నోరు తడవకపోతే చేప మాట్లాడదు, పాతదే చెల్లుతుంది, ఉన్న రాజు బతికున్నంత కాలం మళ్ళీ అడగడానికి వీల్లేదు. ఇంకొక నియమం కూడా ఉంది. తొట్టిలో కాలు పెట్టినవాణ్ణి మంచులోకి తోలేస్తారు.

సోమిలుడు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తొట్టి మెట్ల మీద రాజుగారి దండోరావాడు డిండిమయ్య, డప్పు పక్కన పెట్టుకుని కూలబడి ఉన్నాడు. మనిషి గుమ్మడికాయలా ఉంటాడు, గొంతు మాత్రం కంచుగంట. ఆ గొంతు ఇవాళ పూర్తిగా బొంగురుపోయింది.

సోమిలుడు తొట్టిలోకి తొంగిచూశాడు. అడుగున చీలమండ లోతు నీళ్ళు. అన్నీ పసుపే. ఒక్క ముంతెడు ఉత్త నీళ్ళు పడిన జాడ లేదు. పైన చేప నోరు ఎండలో పొడిగా మెరుస్తోంది.

"ఇదేంటి మామా?"

"నన్నడుగుతావేంటి అబ్బాయీ! వీధి వీధీ తిరిగాను, సందు సందూ తిరిగాను. కాదన్నవాడు లేడు. వస్తాం వస్తాం అన్నారు. కొందరైతే నన్ను కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇచ్చారు."

"ఇది వాడి మాయే. ఊరికంతటికీ ఏదో మందు పెట్టాడు." సోమిలుడు మొలలోంచి చిన్న భరిణె తీశాడు. గుహలో కొట్టుకొచ్చిన నాగాంజనం అది. కళ్ళకు పెట్టుకుంటే మాయ తగిలిన ప్రతి వస్తువూ నీలంగా కనబడుతుంది. "ఇంటింటికీ వెళ్ళి ఆ మాయ ఎక్కడుందో పట్టుకుంటాను."

"నువ్వు నువ్వులా వెళ్ళకు" అన్నాడు డిండిమయ్య. "నాగమల్లి తమ్ముడివని తెలిస్తే అందరూ కళ్ళు తుడుచుకుని, ఇదిగో బయల్దేరుతున్నాం అంటారు. మా ఆవిడ గాజుల మలారం ఉంది, అది భుజాన వేసుకో."

అలా సోమిలుడు తలపాగా చుట్టి, మాడిన కనుబొమలకు మసి రాసి, కళ్ళకు అంజనం పెట్టుకుని, గాజులవాడి వేషంలో నగరంలో దిగాడు.

మొదటి ఇంటికి మామిడాకు తోరణాలు కట్టి ఉన్నాయి. లోపలి నుంచి ఏలకుల వాసన. ఇల్లాలు చెయ్యి చాపి గాజులు ఎంచుకుంటూ పొంగిపోతోంది. "ఇవాళ పండగ కదయ్యా! ఆ పాడు ఒప్పందం పోతోంది. పాయసం పెట్టాను."

"తమరు ముంత పోసొచ్చారా అమ్మా?"

"ఉత్త నీళ్ళు పోసేవాళ్ళు ఒక్కరు కూడా లేరటగా! ఇంక మనం పోకపోతే ఏం తక్కువైంది? ఆ ఎర్రవి చూపించు."

సోమిలుడు ఆమెను ఎగాదిగా చూశాడు. గాజులు ఎర్రగా ఉన్నాయి, పాయసం తెల్లగా ఉంది, ఆమె ముఖం మామూలుగా ఉంది. ఎక్కడా నీలం లేదు.

రెండో ఇల్లు పాఠశాల ఆచార్యులవారిది. ఆయన వరండాలో విసనకర్రతో కూర్చుని ఉన్నారు. "పసుపు శుభద్రవ్యం. శుభద్రవ్యంతో కాదనమంటారా? అడిగిన పద్ధతే తప్పు. నాకు ఆ ఒప్పందమంటే అసహ్యం. అందుకే నిరసనగా ఇంట్లో కూర్చున్నాను" అన్నారు. ఆయన విసనకర్ర కూడా నీలంగా లేదు.

కోట వీధిలో ఒక సైనికుడు అరుగు మీద కాళ్ళు చాపుకుని మాట కలిపాడు. "చీటీ వేసేశారు కదా. మా ఇంటికి రాలేదు. ఈ ఏటికి గండం గడిచింది. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు." కనీసం ఈయన నిజం చెప్పాడు. అంతఃపురం కిటికీ కింద నిలబడి వింటే, పక్షం వహించడం రాజమర్యాద కాదని ప్రభువులు పడుకున్నారని దాసీలు చెప్పుకుంటున్నారు.

సోమిలుడు మళ్ళీ అంజనం పెట్టుకున్నాడు, కళ్ళు మండేదాకా పెట్టుకున్నాడు. బావులు చూశాడు, ధాన్యపు గాదెలు చూశాడు, పడుకున్న కుక్కల్ని కూడా చూశాడు. ఎక్కడో ఒక్క మంత్రపు ముడి, ఒక్క విషపు చుక్క దొరికితే చాలని ఎంతగానో కోరుకున్నాడు. ఉడుమును చంపినవాడికి ముడి విప్పడం ఎంత పని! ఏమీ దొరకలేదు. ఊరు ఊరిలాగే ఉంది. అప్పుడు అతనికి మొట్టమొదటిసారి భయం వేసింది.

తిరిగి తొట్టి దగ్గరికి వస్తుంటే కనిపించింది నీలం! మెట్ల పక్కన తడిగుడ్డ కప్పిన బుట్ట ముందు, తమలపాకులు అమ్ముకునే ఒక బక్కచిక్కిన ముసలివాడు. వాడి ఒళ్ళంతా నీలిమంటలా వెలుగుతోంది.

"దొరికావురా ఘూకనాథా!" సోమిలుడు మలారం విసిరికొట్టి గునపంతో మీద పడ్డాడు. గునపం పొగలోంచి దూసినట్టు అవతలికి దూసుకుపోయి రాతి మెట్టుకు తగిలింది. ముసలివాడి ముఖం మీద గుడ్లగూబ కళ్ళు తెరుచుకున్నాయి, ముక్కు వంకర తిరిగింది, జుట్టు ఈకలైంది. ఆ మనిషి మాత్రం కూర్చున్న చోటి నుంచి కదలలేదు.

"ఊరికి ఏం చేశావు? విప్పు ఆ మాయ!"

"నేనేం చేశాను నాయనా? పొద్దుటి నుంచీ ఆకులు అమ్ముకుంటున్నాను" అన్నాడు ఘూకనాథుడు, ఈనెలు తీస్తూ. "నిజం చెప్పాలంటే వారం కిందట నాకూ దిగులు పుట్టింది. అందుకే ఆ ఉడుమును పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. దాన్ని మేపడానికి ఎంత తిప్పలు పడ్డానో తెలుసా? ఇంత సులువని ముందే తెలిస్తే హాయిగా పడుకునేవాణ్ణి."

సోమిలుడు మళ్ళీ గునపం ఎత్తాడు.

"మాయ అంటే విప్పుతాను. లేనిదాన్ని ఎలా విప్పను? ఆకులు కావాలా?"

సోమిలుడు వాణ్ణి అక్కడే వదిలేశాడు. తోలుతిత్తులవాళ్ళ దగ్గర తిత్తులు లాక్కుని ఏటి నీళ్ళు నింపి తెచ్చి తొట్టిలో కుమ్మరించాడు. ఇంటి నీళ్ళు కాని నీళ్ళు ఆ రాయిని తాకగానే చుయ్యిమని ఆవిరైపోయాయి. డిండిమయ్య మళ్ళీ డప్పు ఎత్తుకుని, గొంతు లేకపోయినా వీధుల్లో పడ్డాడు. ఆయన మాట ఎవరికీ అర్థం కాలేదు గానీ అందరూ నవ్వుతూ చేతులూపారు.

పొద్దు వాలింది. వచ్చినవాళ్ళు లేకపోలేదు. రాతి వరుసలో తమవాళ్ళు ఉన్న తల్లులు వచ్చారు, తండ్రులు వచ్చారు. కళ్ళు లేని మంత్రసాని ఒకామె గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. ముంతలు పోసి, ఇళ్ళకు పోకుండా అక్కడే నిలబడ్డారు. పచ్చటి నీళ్ళు పైకొచ్చాయి. చేప నోటికి ఇంకా జానెడు దూరం ఉంది.

మైదానం అంచున, రాతి మనుషుల వరుస చివర ఖాళీ దిమ్మె మీద నాగమల్లి కూర్చుని ఉంది. చేతిలో ఆమె ముంత ఉంది. చీటీ వచ్చిన మనిషి నీళ్ళు చెల్లవు. అయినా పసుపు కలిపి తెచ్చుకుంది.

"ఎంతవరకు వచ్చిందిరా తమ్ముడూ?" అని దూరం నుంచి కేకేసింది.

"వచ్చేస్తోందక్కా!" అని అబద్ధమాడాడు సోమిలుడు. ఆడిన మరుక్షణమే అతనికి తోచింది. నూతిలోకి మనిషి దిగితే నీళ్ళు పైకి లేస్తాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే! నీళ్ళు చేప నోటికి తగలాలన్నారు గానీ, ఎలా తగలాలో శాసనంలో లేదు.

"నేను దిగుతున్నాను" అన్నాడు.

"దిగితే మంచులోకి తోలేస్తారురా!" అన్నాడు బొజ్జన్న.

"చేప మాట్లాడితే ఇంక మంచెక్కడిది తాతా?"

దూకాడు. నీళ్ళు కదిలి లేచాయి. ముసలివాడు పంచె ఎగ్గట్టి వెనకే దూకాడు. డిండిమయ్య డప్పు కింద పెట్టి, "నా ఒళ్ళు ఇన్నాళ్ళకు పనికొచ్చింది" అంటూ దిగాడు. ఆయన దిగినప్పుడు నీళ్ళు నిజంగానే బాగా లేచాయి. కళ్ళు లేని మంత్రసాని దిగింది, తల్లులు దిగారు, తండ్రులు దిగారు. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని మెడదాకా మునిగేలా పసుపు నీళ్ళలో చతికిలబడ్డారు. జానెడు దూరం బెత్తెడైంది, బెత్తెడు రెండు వేళ్ళయింది. చేప నోటి కింద నీళ్ళు అల్లల్లాడుతున్నాయి. పదిమంది దిగితే చాలు. పదిమంది!

సరిగ్గా అప్పుడు పడమటి ద్వారం దగ్గర కోలాహలం పుట్టింది. సోమిలుడు లేచి తొట్టి అంచు మీదుగా చూశాడు. జనం! వీధులనిండా జనం. పట్టుచీరలు, తలపాగాలు, పల్లకీలు. నగరం మొత్తం తలుపులు వేసుకుని మైదానంలోకి వస్తోంది. పాయసం ఇల్లాలు ఉంది, ఆచార్యులవారు ఉన్నారు, అరుగు మీది సైనికుడు ఉన్నాడు. కొండవాళ్ళు కూడా కొత్త బెల్లం మూటలతో వస్తున్నారు. డిండిమయ్య పసుపు నీళ్ళలో నిలబడి భోరుమని ఏడ్చాడు. "వచ్చారు అబ్బాయీ! చెప్పానా, వస్తామన్నారు!"

దగ్గరికి వచ్చాక వాళ్ళ చేతుల్లో ఏముందో కనిపించింది. ముంతలు కాదు. ప్రమిదలు.

కొత్త రాతి దీపం వెలిగిన సాయంత్రం ఆ మంటతో ఇంటి దీపం ముట్టించుకుంటే ఏడాదంతా శుభమని మధురశిలలో వాడుక. దానికి రానివాడు ఉండడు. మంచంలో ఉన్నవాళ్ళను కూడా మోసుకొస్తారు.

"దిగండి!" అని అరిచాడు సోమిలుడు. "ఇంకా పొద్దుంది! తొట్టిలో దిగండి! రెండు వేళ్ళే తక్కువ!"

జనం ఆగి, తొట్టి చుట్టూ మూగి, లోపలికి తొంగిచూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. "అయ్యో, ఇంకా నిండలేదా? మేం ఎప్పుడో అయిపోయిందనుకున్నాం!" అంది పాయసం ఇల్లాలు, నిజంగానే కంగారుపడుతూ. "దిగమంటే ఎలాగయ్యా, పట్టుచీర! ఎవరైనా మగవాళ్ళు దిగండి."

మగవాళ్ళు తమ వెనకవాళ్ళ వైపు చూశారు. వెనకవాళ్ళు వాళ్ళ వెనకవాళ్ళ వైపు చూశారు. ఎవరో ఒక పడుచువాడు చెప్పులు విడిచి మెట్టు మీద కాలు పెట్టాడు. కోట బురుజు మీద సూర్యాస్తమయపు కొమ్ము ఊదారు.

చేప మాట్లాడలేదు.

దిమ్మె మీద నాగమల్లి లేచి నిలబడింది. పాదాల నుంచి బూడిదరంగు పైకి ఎక్కడం మొదలైంది. సోమిలుడు నీళ్ళోడుతూ తొట్టిలోంచి ఎగిరి దూకి, జనాన్ని తోసుకుంటూ, పడుతూ లేస్తూ ఆమె దగ్గరికి పరుగెత్తాడు. మోకాళ్ళు రాయి, నడుము రాయి. ఆమె అతని మాడిన కనుబొమలు చూసి, ఒంటి మీది పసుపు చూసింది.

"తడిబట్టలతో నిలబడకురా. జ్వరమొస్తుంది."

ఆమె అన్న ఆఖరి మాట అదే. ముంత పట్టుకున్న చెయ్యి అలాగే రాయైంది, ముంతలోని నీళ్ళు కూడా. నెత్తి మీద భగ్గుమని మంట లేచింది. సోమిలుడు ఆ రాతి పాదాల మీద తల పెట్టి, సిగ్గూ శరమూ లేకుండా బిగ్గరగా ఏడ్చాడు.

అతనికి ఏడవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. ఎవరికీ ముంత పోయడానికి తీరిక దొరకలేదు గానీ, తొట్టిలో కాలు పెట్టిన నేరానికి భటులు మాత్రం క్షణంలో వచ్చారు. దిగినవాళ్ళందర్నీ కట్టి రాతి వరుస పక్కన కూర్చోబెట్టారు. మొదట దూకినవాణ్ణి మొదట తోలాలి. సోమిలుడి గునపం లాక్కుని, రెండు చేతులూ వెనక్కి విరిచి, రాతి మనుషుల వరుస దాటించారు. బొజ్జన్న పక్కకు ఒంగి, తన కూతురి రాతి కాలిని భుజంతో తాకి కూర్చున్నాడు. తమలపాకుల బుట్ట దగ్గర ఘూకనాథుడు లేడు. పని లేని చోట వాడెందుకుంటాడు?

"మళ్ళీ ఎప్పుడు అడుగుతారయ్యా?" అని ఎవరో డిండిమయ్యను అడుగుతున్నారు. "ఈసారి తప్పకుండా వస్తాం."

డిండిమయ్య ముఖం అవతలికి తిప్పుకున్నాడు.

మంచు ముంగిట్లో సోమిలుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. నాగమల్లి ముఖం కనిపించలేదు, నెత్తి మీది మంట ఒక్కటే కనిపించింది. ఆ మంట దగ్గర జనం వరుస కట్టారు. తోపులాట లేదు, గోల లేదు. ముసలివాళ్ళను ముందు పంపుతున్నారు, గాలికి ఆరకుండా ప్రమిదకు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు, ఒకరి వెనక ఒకరు ఎంతో ఓపికగా నిలబడ్డారు. ఆ వరుస మైదానం దాటి, పడమటి ద్వారం దాటి, రాజవీధి చివరిదాకా ఉంది.

భటుడు వీపు మీద చెయ్యి వేసి తోశాడు. మంచు కళ్ళమీద మూసుకుంది. సోమిలుడు నాలుగు అడుగులు తడుముకుంటూ వేశాడో లేదో, లోపలికి వెళ్ళి తిరిగి రానివాళ్ళవో ఏమో, కింద నుంచి చల్లటి వేళ్ళు అతని చీలమండను గట్టిగా పట్టుకున్నాయి.